మెల్లకన్ను అదృష్టం ఖాతా

మెల్లకన్ను అదృష్టం అంటారు మనవాళ్ళు. ఈ మాట వినని తెలుగువాడు ఉండడనుకుంటాను. పసిపిల్లవాడి నల్లగుడ్డు కాస్త లోపలికి తిరిగి కనిపిస్తే చాలు, చూడ్డానికొచ్చిన పెద్దావిడ బుగ్గలు పుణికి "వీడివల్ల మీ ఇంటికి కలిసొస్తుందే" అనేస్తుంది. తల్లి మొహం విప్పారుతుంది. చాలా ఇళ్ళలో ఆ పిల్లవాడి వైద్యం అక్కడితో సరి. విభూతి తీసే బాబాల మీద, చేతబడుల మీద, వాస్తు మీద మనం బోలెడు రాసుకున్నాం. ఎవరికీ హాని చెయ్యనట్టు కనిపించే ఈ ముద్దు మాట గురించి కూడా ఒకసారి రాయాలని నాకు చాలాకాలంగా ఉంది. ఎందుకంటే మా బంధువర్గంలో ఈ నమ్మకానికి రుజువుగా చూపించేది నన్నే.

నాది కుడికన్ను మెల్ల. 1960లో పాలకొల్లు దగ్గర ఒక పల్లెలో పుట్టాను. మూడో ఏడు వచ్చాక కన్ను లోపలికి తిరగడం మొదలైందట. అదే ఏడాది నాన్న కౌలుకు చేసిన పొలం బాగా పండిందట. మా అమ్మమ్మ ఈ రెండిటికీ ముడిపెట్టేసింది. (ఆ ఏడాది ఊళ్ళో అందరికీ బాగానే పండింది. వాళ్ళందరి ఇళ్ళలో మెల్లకన్ను పిల్లలు లేరు.) తర్వాత నేను బీకాం పాసవడం, డిఫెన్స్ అకౌంట్స్‌లో ఆడిటరుగా చేరడం, అకౌంట్స్ ఆఫీసరుగా రిటైరై పెన్షన్ పుచ్చుకోవడం, ఇవన్నీ ఆ కంటి జమలోకే వెళ్ళిపోయాయి. రాత్రిళ్ళు కూర్చుని పరీక్షలకు చదివింది నేను, పేరు మాత్రం కంటికి.

ఈ నమ్మకంలో ఉన్న తిరకాసు చూడండి. బయల్దేరేటప్పుడు ఒంటికన్ను మనిషి ఎదురైతే అపశకునం అంటారు. మన పురాణాల్లో కన్ను పోవడం శిక్ష. వామనుడి చేతిలో శుక్రాచార్యుడికి పోయింది, రాముడి చేతిలో కాకాసురుడికి పోయింది. నాకు సరిగా పనిచేసేది ఒక్క కన్నే. ఆ సంగతి ఎదుటివాడికి తెలిస్తే నేను అపశకునాన్ని, తెలియకపోతే అదృష్టాన్ని! పైగా ఈ అదృష్టం మగపిల్లలకు వర్తించినంతగా ఆడపిల్లలకు వర్తించదు. మా అమ్మకు వరసకు చెల్లెలయ్యే ఒకావిడకు కూడా మెల్ల ఉండేది. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళెవరూ ఆ అదృష్టాన్ని తమ ఇంటికి తీసుకుపోవడానికి తొందరపడలేదు. బడిలో పిల్లలు నాకు పెట్టిన పేర్లు ఇక్కడ రాయను. వాటిలో అదృష్టం అన్న అర్థం వచ్చేది ఒక్కటీ లేదు.

ఇంతకీ నా కంటికి జరిగిందేమిటి? నాకు చిన్నప్పటినుంచి ప్లస్ పవరు ఎక్కువ. అలాంటి పిల్లలు దగ్గరి వస్తువు స్పష్టంగా చూడాలంటే కంటిలోని లెన్సు మామూలు కంటే ఎక్కువ శ్రమ పడాలి. అలా శ్రమ పడినప్పుడు కళ్ళు ముక్కువైపు తిరగడం సహజం. శ్రమ మరీ ఎక్కువైతే ఒక కన్ను అతిగా తిరిగి అలాగే ఉండిపోతుంది. సాధారణంగా రెండు మూడేళ్ళ వయసులో, బొమ్మలు అవీ దగ్గర పెట్టుకుని చూడ్డం మొదలుపెట్టినప్పుడు ఇది బయటపడుతుంది. మెల్లకన్నులో ఇదొక్కటే రకం కాదు, నాది ఈ రకం అన్నమాట. రెండు కళ్ళూ రెండు దిక్కులు చూస్తే ఒక వస్తువు రెండుగా కనబడాలి. ఆ గందరగోళం పడలేక పసివాడి మెదడు ఒక కన్ను పంపే బొమ్మను పక్కన పెట్టేస్తుంది. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే బిల్లులు వస్తూనే ఉంటాయి, పాస్ చేసేవాడు ఉండడు. కొన్నేళ్ళు అలా గడిస్తే మెదడులో ఆ కంటికి రావలసిన చోటును కూడా మంచి కన్నే ఆక్రమించుకుంటుంది. దీన్ని ఆంబ్లియోపియా అంటారు, వాడుకలో సోమరి కన్ను. నిజానికి కన్ను సోమరిది కాదు. నా కుడికంట్లో లెన్సు బాగుంది, రెటీనా బాగుంది. కానీ ఎడమకన్ను మూస్తే చార్టులో అన్నిటికంటే పైనున్న పెద్ద అక్షరం ఒక్కటే తెలుస్తుంది. ఏ అద్దం పెట్టినా అంతే.

సరిగ్గా 1963లో, అంటే మా అమ్మమ్మ నా కన్ను చూసి మురిసిపోతున్న ఏడాదే, అమెరికాలోని హార్వర్డ్‌లో డేవిడ్ హ్యూబెల్, టోర్‌స్టెన్ వీజెల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పిల్లికూనల మీద చేసిన ప్రయోగాలు ప్రచురించారు. కళ్ళు తెరిచే వయసులోనే పిల్లికూనకు ఒక కంటి రెప్పలు కుట్టేసి, రెండు మూడు నెలల తర్వాత విప్పి చూశారు. కన్ను బాగానే ఉంది గానీ, మెదడులో ఆ కంటికి స్పందించే కణాలు దాదాపు లేవు. పెద్ద పిల్లికి అన్నాళ్ళే కుడితే అలాంటి నష్టం కనబడలేదు. చూపు కూడా చిన్న వయసులో నేర్చుకోవలసిన విద్యేనని దీంతో తేలింది. 1981లో వాళ్ళకు నోబెల్ బహుమతి వచ్చింది. ఈ కారణాలు తేలకముందే చికిత్స మాత్రం ఉంది. మంచి కన్నును కొంతకాలం మూసి ఉంచి మెల్లకన్నుకు పని చెప్పాలని ఫ్రాన్సులో బుఫాన్ అనే ఆయన 1743లోనే రాశాడు.

అంటే 1963లో నాకు కావలసింది ఒక జత కళ్ళద్దాలు, ఒక గుడ్డముక్క. మా పల్లెకు దగ్గర్లో పిల్లల కళ్ళు చూసే డాక్టరు ఉండి ఉండకపోవచ్చు, మా నాన్న చేతిలో డబ్బు ఉండి ఉండకపోవచ్చు. కానీ ఆ సంగతి కనుక్కోవడానికైనా ఎవరూ గడప దాటలేదు. అదృష్టానికి వైద్యం చేయించే వెర్రివాళ్ళెవరుంటారు?

ఒక కన్నుతో బతకడం ఘోరమైన కష్టమేమీ కాదు, అతిశయోక్తులు అనవసరం. లెడ్జర్ చదవడానికి ఒక మంచి కన్ను చాలు. అంకెలకు లోతు ఉండదు. నాకు లెక్కల ఉద్యోగం దొరకడంలో అదృష్టం ఏదైనా ఉంటే అది ఇదే. ఇంటర్ చదివేటప్పుడు ఎయిర్‌ఫోర్స్‌లో చేరాలని ఉండేది. ఆ తలుపు కంటి పరీక్ష దగ్గరే మూసుకుపోయింది. తర్వాత ఉద్యోగంలో కొన్నాళ్ళు ఒక ఎయిర్‌ఫోర్స్ స్టేషన్‌లో స్టోర్స్ ఆడిట్ చేశాను. విమానాల విడిభాగాల లెక్కలు చూస్తుంటే కిటికీలోంచి విమానాలు లేచే చప్పుడు వినపడేది. ఇక మిగతావి చిన్నచిన్న ఇబ్బందులు. సూదిలో దారం ఎక్కించడం, జగ్గులోంచి గ్లాసులోకి నీళ్ళు వంచడం, ఒకే రంగు గచ్చు చేసిన మెట్లు దిగడం, షటిల్ ఆడేటప్పుడు కాక్ ఎక్కడుందో అందుకోవడం. ఇప్పటికీ కాఫీ వంచేటప్పుడు ఫిల్టరు అంచును గ్లాసు అంచుకు ఆనించి మరీ వంచుతాను.

నాకు లేనిదేమిటో నాకే సరిగా తెలిసింది సినిమా హాల్లో. మన దేశంలో మొదటి త్రీడీ సినిమా 'మై డియర్ కుట్టిచాత్తాన్' 1984లో మలయాళంలో వచ్చింది. దాని తెలుగు డబ్బింగ్ చూడ్డానికి ఆఫీసువాళ్ళం అందరం కలిసి వెళ్ళాం. అందరికీ అట్ట కళ్ళజోళ్ళు ఇచ్చారు. హాలంతా కేకలు. ముందు వరస పిల్లలు గాలిలోకి చేతులు చాపుతున్నారు, పక్కనున్న మా సూపర్నెంటుగారు తల పక్కకు తప్పించుకుంటున్నారు. నాకు తెర మీద మామూలు సినిమాయే కనబడుతోంది. రెండు కళ్ళు కొద్ది తేడాతో పంపే రెండు బొమ్మలను కలిపి మెదడు లోతును లెక్కకడుతుంది. నా దగ్గర రెండో బొమ్మ జమకాదు కాబట్టి లెక్క తేలదు. పుట్టుగుడ్డివాడికి రంగులు తెలియనట్టే నాకు ఆ లోతు తెలియదు. అందరూ అరుస్తుంటే నేనూ కాసేపు అరిచాను, టిక్కెట్టు డబ్బులు వృథా కాకూడదని.

వీడియో గేమ్‌లు నా జీవితంలోకి వచ్చింది దీనికి సరిగ్గా ఉల్టా కారణంతో. మా చెల్లెలి కొడుకు ఇంజనీరింగ్ చదువుకోసం 1999లో సికిందరాబాద్‌లో మా ఇంటికి వచ్చాడు. దుబాయ్ నుంచి వచ్చిన ఎవరిదగ్గరో సెకండ్ హ్యాండ్‌లో ప్లేస్టేషన్ కొని తెచ్చాడు. మొదట కోప్పడ్డాను. తర్వాత పక్కన కూర్చున్నాను. కూర్చున్నాక ఒక విషయం గమనించాను. టీవీ తెర చదునుగా ఉంటుంది. అందులో లోతంతా చిత్రకారుల ఉపాయాలే. దూరపు కొండలు మసగ్గా, చిన్నగా వేస్తారు, వాటిని నెమ్మదిగా కదుపుతారు, దగ్గరి చెట్లను వేగంగా కదుపుతారు. రైలు కిటికీలోంచి మనం చూసేది అదే. దానికి ఒక కన్ను చాలు. అంటే ఆ తెర ముందు మా మేనల్లుడూ నేనూ సమానం. షటిల్ కోర్టులో వాడు నన్ను పది పాయింట్లకు ఓడించేవాడు, ఇక్కడ మాత్రం "మావయ్యా, నువ్వు బాగానే ఆడుతున్నావే" అనేవాడు.

ఆటకంటే నన్ను ఎక్కువగా పట్టుకున్నది సంగీతం. 1997లో వచ్చిన ఫైనల్ ఫాంటసీ 7 అనే ఆటలో ఒక అమ్మాయి పాత్ర చనిపోతుంది. వెంటనే యుద్ధం మొదలవుతుంది. ఆ ఆటలో యుద్ధం వచ్చినప్పుడల్లా హోరెత్తే సంగీతం వస్తుంది. ఇక్కడ మాత్రం ఆ అమ్మాయి తాలూకు నెమ్మదైన స్వరమే ఆగకుండా సాగుతుంది, మనం దాన్ని వింటూనే యుద్ధం చెయ్యాలి. ఇది చేసిందెవరా అని చూస్తే నొబువొ ఉయెమత్సు, 1959లో జపాన్‌లో పుట్టినాయన. ఆ ఊరి పేరు కోచి (కేరళది కాదు లెండి). నాకంటే ఏడాది పెద్ద. సంగీతం డిగ్రీ లేదు, సొంతంగా నేర్చుకున్నాడు. అంతకుముందు 1985లో కోజీ కొండో సూపర్ మారియో బ్రదర్స్‌కు చేసిన బాణీలైతే ఇంకా విడ్డూరం. ఆ కాలపు నింటెండో పెట్టెలో ధ్వనికి ఉన్నవి మొత్తం ఐదు చానళ్ళు, అందులో బాణీకి పనికొచ్చేవి మూడు. బొమ్మలు, సంగీతం, సమస్తం కలిపి ఆట అంతా 40 కిలోబైట్లలో సర్దారు. బడ్జెట్ కేటాయింపుకు ఒక్క పైసా మించకుండా ఇంత పని చేసినవాళ్ళంటే నాబోటివాడికి గౌరవం కలగకుండా ఎలా ఉంటుంది? 2023లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఆ మారియో బాణీని భద్రపరచవలసిన రికార్డింగుల జాబితాలో చేర్చింది. ఆ జాబితాకెక్కిన మొదటి వీడియో గేమ్ సంగీతం అదే.

2003లో మేనల్లుడు ఉద్యోగానికి వెళుతూ ప్లేస్టేషన్ పట్టుకుపోయాడు. నాకు సంగీతం కావాలి. జపాన్‌లో ఆటల సంగీతాన్ని విడిగా సీడీలుగా అమ్ముతారని అప్పుడు తెలిసింది. అక్కడ 1984 నుంచే ఆ అలవాటు ఉంది, మొదట రికార్డులుగా. ఫైనల్ ఫాంటసీ 7 సంగీతం నాలుగు డిస్కులు. కానీ దాన్ని వేసిన డిజిక్యూబ్ అనే కంపెనీ ఆ ఏడాది నవంబరులోనే దివాలా తీసింది. 2004లో స్క్వేర్ ఎనిక్స్ మళ్ళీ విడుదల చేసేదాకా ఆగాల్సి వచ్చింది. అలా మొదలుపెట్టి ఏడాదికి రెండు మూడు సెట్లు తెప్పించుకునేవాణ్ణి. యెన్ ధర, పోస్టేజి, కస్టమ్స్ సుంకం మూడు కాలమ్‌లుగా రాసిన పుస్తకం ఇప్పటికీ నా దగ్గరుంది. మా ఆవిడకు మాత్రం నాలుగో కాలమ్ చూపించలేదు, మొత్తం అన్నది అందులో ఉంటుంది కాబట్టి.

ఆ రోజుల్లో నకిలీ డిస్కులు బాగా తిరిగేవి. అసలు జపాన్ ముద్రణ ధరలో నాలుగోవంతుకే దొరికేవి, అట్టమీద బొమ్మ కూడా అదే. వోచరు పరిశీలించినట్టు ఒక్కోటీ పరిశీలించడం నేర్చుకున్నాను. అసలు డిస్కుకు పెట్టె ఎడమవైపు ఒబి అనే కాగితపు పట్టీ ఉంటుంది, దానిమీద ధర, కేటలాగ్ నంబరు ఉంటాయి. ఆ నంబరే డిస్కు మీద, లోపలి వలయం దగ్గర కూడా ఉండాలి. డిజిక్యూబ్‌వి ఎస్‌ఎస్‌సీఎక్స్ అనే అక్షరాలతో మొదలయ్యేవి. మూడు చోట్లా నంబరు సరిపోలకపోతే అనుమానించాలి. ఒకసారి పార్శిల్ మీద 'గేమ్ మ్యూజిక్' అని ఉంటే, లోపల గేమ్ ఉందా, మ్యూజిక్ ఉందా అని నన్ను రాతపూర్వకంగా వివరణ అడిగారు. "ఇందులో ఆట లేదు, ఆట తాలూకు సంగీతం మాత్రమే ఉంది, ఇది వింటే ఆడినట్టు కాదు" అని పద్ధతి ప్రకారం లెటర్ పెట్టాను. సుంకం కట్టించుకుని పంపారు.

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నప్పుడు ఎడమ నుంచి ఒకటి, కుడి నుంచి ఒకటి, మధ్యలో కాస్త వెనకనుంచి ఒకటి వాయిద్యాలు విడివిడిగా వినబడతాయి. రెండు చెవులకు చేరే శబ్దంలో ఉండే అతిస్వల్పమైన తేడాతో మెదడు ఆ స్థానాలు లెక్కకడుతుంది. కళ్ళ దగ్గర తప్పిన లెక్క చెవుల దగ్గర సరిగ్గా వస్తోంది. అలాగని కన్ను మసకైతే చెవి పదునెక్కుతుందని నేను అనను. నా వినికిడి మామూలు మనిషి వినికిడే. నాకు అది ఇష్టం, అంతే.

ఇక అసలు విషయం. ఆ మేనల్లుడు తిరిగి హైదరాబాద్ వచ్చి మల్కాజిగిరిలో మాకు రెండు వీధుల అవతల ఇల్లు కట్టుకున్నాడు. వాడి కూతురికి 2021లో నాలుగేళ్ళు. ఒక ఆదివారం పాప బొమ్మల పుస్తకం చూస్తుంటే ఎడమకన్ను లోపలికి తిరగడం గమనించాను. నాకు ఒళ్ళు జల్లుమంది. మా చెల్లెలు మాత్రం సంబరపడిపోయింది. "అచ్చం అన్నయ్య పోలిక! ఇక దీనికి తిరుగులేదు. వాడికి గవర్నమెంటు ఉద్యోగం వచ్చింది, ఇల్లు కట్టాడు, ఇప్పుడు పెన్షన్. ఇంకేం కావాలి?" అంది. అరవై ఏళ్ళ తర్వాత నా కన్నే సాక్ష్యంగా నిలబెట్టి ఇంకో పిల్ల కన్ను పోగొట్టబోతున్నారు.

వాదనతో పని కాదని కాగితం తీశాను. నాలుగు గళ్ళు గీశాను. మెల్ల ఉండి బాగుపడినవాళ్ళు, మెల్ల ఉండి బాగుపడనివాళ్ళు, మెల్ల లేకుండా బాగుపడినవాళ్ళు, మెల్ల లేకుండా బాగుపడనివాళ్ళు. "మనకు తెలిసినవాళ్ళ పేర్లన్నీ చెప్పు, రాస్తాను" అన్నాను. మొదటి గడిలో నా పేరు చెప్పి ఆగింది. రెండో గడిలోకి పెళ్ళికాని మా పిన్ని వచ్చింది, ఊళ్ళో మిషను కుట్టుకుంటూ అప్పులతోనే పోయిన దర్జీ వచ్చాడు. మూడో గడిలోకి మా తమ్ముడు వచ్చాడు. రెండు కళ్ళూ తిన్నగా ఉండి బ్యాంకులో నాకంటే పెద్ద ఉద్యోగం చేశాడు. మూడో గడి నిండిపోయి కాగితం వెనక్కి తిప్పాల్సి వచ్చింది. ఇలాంటి నమ్మకాలన్నీ మొదటి గడి ఒక్కటే చూసి బతుకుతాయి. మిగతా మూడూ నింపకుండా ఖాతా మూయకూడదు. చెల్లెలు పూర్తిగా ఒప్పుకోలేదు గానీ, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడానికి అడ్డం చెప్పలేదు. నాకు అది చాలు.

అద్దాలు రాశారు. పాపకు కూడా ప్లస్ పవరే. అద్దాలు పెట్టగానే కన్ను చాలావరకు తిన్నగా నిలబడింది. ఎడమకంటి చూపు మాత్రం 6/36. కొన్ని నెలలు అద్దాలతో చూసి, చాలకపోతే మంచి కన్నుకు పట్టీ వేద్దామన్నారు. అప్పుడు రెండో వైపు నుంచి గొడవ మొదలైంది. మా బావగారు అద్దాలు తీసేసి కంటి వ్యాయామాలు చేయిద్దామన్నారు. ఇది విలియం బేట్స్ అనే అమెరికా డాక్టరు 1920లో పుస్తకం రాసి ప్రచారం చేసిన పద్ధతి. కంటి పవరు కండరాల బిగువు వల్ల వస్తుందన్న ఆయన సిద్ధాంతమే తప్పని ఎప్పుడో తేలిపోయింది. పాపలాంటి పిల్లలకు అద్దాలు తీస్తే కన్ను మళ్ళీ లోపలికే తిరుగుతుంది. మేనల్లుడేమో కంప్యూటర్ల మనిషి. "మావయ్యా, పట్టీలు పాతకాలపువి. వీడియో గేమ్ ఆడిస్తే సోమరి కన్ను బాగవుతుందట, ఒక కంటికి కొంత బొమ్మ, ఇంకో కంటికి కొంత బొమ్మ చూపిస్తారట" అన్నాడు. నాకు ఆటలంటే ఇష్టమని తెలుసు కాబట్టి నేను వెంటనే ఒప్పుకుంటాననుకున్నాడు.

ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. మనకు నచ్చిన మాట అయినంత మాత్రాన రుజువు అడగడం మానెయ్యకూడదు. ఆ ఆలోచన బూటకం కాదు. 2013లో కెనడాలోని మెక్‌గిల్ యూనివర్సిటీ వాళ్ళు పెద్దవాళ్ళ చేత రెండు కళ్ళకూ పంచి ఇచ్చిన టెట్రిస్ ఆడించి కొంత మెరుగుదల చూశారు. కానీ అది కొద్దిమందితో చేసిన చిన్న ప్రయోగం. తర్వాత అమెరికాలో 5 నుంచి 12 ఏళ్ళ పిల్లలు 385 మందితో పెద్ద పరీక్ష చేసి 2016లో ఫలితాలు ప్రచురించారు. సగం మందికి ఐప్యాడ్ మీద ఆట, సగం మందికి రోజుకు రెండు గంటల పట్టీ. 16 వారాల తర్వాత ఆట ఆడినవాళ్ళ చూపు చార్టులో సగటున 1.05 వరసలు పెరిగింది, పట్టీ వేసుకున్నవాళ్ళది 1.35 వరసలు. పైగా చెప్పినంతసేపు ఆట ఆడినవాళ్ళు నాలుగోవంతు కూడా లేరు. పిల్లలకు ఆట విసుగు పుట్టింది! 2021 అక్టోబరులో తలకు తొడిగే ఒక పరికరంలో వీడియోలు చూపించే చికిత్సకు అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. ఆ దారిలో ముందుముందు మంచివి రావచ్చు. కానీ మన చేతిలో ఉన్న పిల్లకు వయసు ఆగదు. బాగా పరీక్షకు నిలబడినది, అతి చవకైనది పట్టీయే. దాన్ని రోజంతా కట్టనక్కర్లేదు కూడా. ఒక మోస్తరు ఆంబ్లియోపియాకు రోజుకు రెండు గంటలు కట్టినా ఆరు గంటలు కట్టినా ఫలితం ఒకటేనని 2003లోనే తేలింది. పాపది మరీ తీవ్రం కాదు గనుక డాక్టరు కూడా రెండు గంటలతో మొదలుపెడదామన్నారు.

పట్టీ చవకే గానీ, వెయ్యడం తేలిక కాదు. మంచి కన్ను మూసి మసక కన్నుతో చూడమంటే నాలుగేళ్ళ పిల్ల ఎందుకు ఒప్పుకుంటుంది? పీకి పారేసేది. ఏడ్చేది. మా చెల్లెలు "పిల్ల తడుముకుంటుంటే చూడలేకపోతున్నాను, ఇదేం వైద్యం" అని కళ్ళొత్తుకునేది. తల్లిదండ్రులిద్దరూ ఉద్యోగస్తులు. అందుకని సాయంత్రాలు పాపను మా ఇంట్లో దింపేవాళ్ళు. రెండు గంటలంటే ఎంతసేపో నాలుగేళ్ళ పిల్లకు గడియారం చూపించి చెప్పలేం. నా అలమరాలోని డిస్కులు దాదాపు గంట చొప్పున ఉంటాయి. "ఈ రెండు డిస్కులు అయిపోగానే పట్టీ తీసేద్దాం" అని ఒప్పందం చేసుకున్నాం. ఏ రెండో పాపే ఎంచుకునేది. వారం తిరక్కుండానే ఏ పాట తర్వాత ఏది వస్తుందో దానికి వచ్చేసింది. "తాతయ్యా, ఇంక మూడే ఉన్నాయి" అని లెక్క చెప్పేది. ఆ రెండు గంటలూ రంగులు వేసేది, చిక్కుడుకాయలు ఒలిచేది, ఇల్లంతా పరిగెత్తేది. పట్టీ వేసినప్పుడు దగ్గరి పనులే చేయాలన్న నియమం ఏమీ లేదని కూడా పరీక్షల్లో తేలింది కాబట్టి ఆ విషయంలో నేను దాన్ని వేధించలేదు.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి, లేకపోతే రేపు ఎవరో 'సంగీతంతో మెల్లకన్ను మాయం' అని పంచిపెడతారు. సంగీతం వల్ల చూపు రాలేదు. చూపు వచ్చింది అద్దాల వల్ల, పట్టీ వల్ల. సంగీతం గడియారం పని చేసింది. అక్కడ ఉయెమత్సు బదులు ఘంటసాల ఉన్నా అంతే జరిగేది.

అద్దాలతో 6/24కు వచ్చిన చూపు, పట్టీ మొదలుపెట్టిన ఎనిమిది నెలలకు 6/9కి వచ్చింది. ఆ రోజు ఆస్పత్రిలో ఈగ బొమ్మ పరీక్ష కూడా చేశారు. ప్రత్యేకమైన కళ్ళజోడు పెట్టి పెద్ద ఈగ ఫొటో చూపిస్తారు. రెండు కళ్ళూ కలిసి పనిచేసేవాళ్ళకు దాని రెక్కలు కాగితం పైకి లేచి కనబడతాయి. పాప రెక్కలు పట్టుకోబోయి కాగితానికి పైన, గాలిలోనే వేళ్ళు మూసింది. "ఛీ, ఈగ" అని చెయ్యి లంగాకు తుడుచుకుంది. డాక్టరుగారిని అడిగి నేనూ ఆ కళ్ళజోడు పెట్టుకుని చూశాను. చదునైన ఫొటో. నా వేలు కాగితానికి తగిలింది.

పట్టీ ఆపాక కొంతమంది పిల్లలకు, మొదటి ఏడాదిలో దాదాపు నాలుగోవంతు మందికి, చూపు మళ్ళీ వెనక్కి పోతుంది. అందుకని పరీక్షలు మానలేదు. పాపకు ఇంతవరకు నిలబడింది. ఇక మా చెల్లెలు సంగతి. "చూశావా అన్నయ్యా, మెల్లకన్ను అదృష్టమే. కాకపోతే రెండు గంటలు పక్కన కూర్చునే తాతయ్య దొరుకుతాడా?" అంటోంది. ఈ నమ్మకాన్ని ఓడించే ఫలితం ఏదీ లేదు, ఏది జరిగినా దాని జమలోకే పోతుంది. ఏది జరిగినా నిజమయ్యే మాట ఏమీ చెప్పనట్టేనని మనలో మనం అనుకుంటాం. ఆవిడకు అలా చెప్పి లాభం లేదు. పాప అద్దాలు ఆవిడే రోజూ తుడిచి పెడుతుంది, నాకు అంతే కావాలి.

ఇది చదివేవాళ్ళలో చిన్నపిల్లలున్నవాళ్ళకు రెండు మాటలు. మొదటిది, ఆరు నెలలు దాటిన పిల్లల్లో కన్ను తిరిగినట్టు తరచుగా కనిపిస్తే అది దానంతటదే పోతుందని కూర్చోవద్దు, కంటి డాక్టరుకు చూపించండి. రెండోది, అసలు మెల్లే లేకుండా కూడా సోమరి కన్ను రావచ్చు. రెండు కళ్ళ పవరులో తేడా ఉంటే చాలు, బయటికి ఏమీ తెలియదు. ఒక కన్ను మూసినప్పుడు పిల్ల ఊరుకుని, రెండో కన్ను మూసినప్పుడు మాత్రం చెయ్యి తోసేస్తుంటే అనుమానించాలి. బడిలో వేసేలోపు ఒక్కసారి పూర్తి పరీక్ష చేయించండి. ఏడేళ్ళు దాటితే ఇక లాభం లేదని వదిలెయ్యవద్దు. 7 నుంచి 12 ఏళ్ళ పిల్లల్లో కూడా సగం మందికి పైగా చికిత్సకు మెరుగయ్యారని 2005లో ఒక పెద్ద పరీక్షలో తేలింది. చిన్న వయసైతే తేలిక, అంతే తేడా. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరులో మొదలైన కంటివెలుగు కార్యక్రమం మొదటి విడతలో బడిపిల్లల కళ్ళే చూశారు. అలాంటి శిబిరం మీ ఊరు వస్తే పక్కింటి పిల్లల్ని కూడా తీసుకెళ్ళండి.

ఈమధ్య పెళ్ళిళ్ళలో ఎవరైనా నా కన్ను చూసి, ఒళ్ళో పిల్లవాడి కన్ను చూసి, "మీలాగే అదృష్టవంతుడండీ" అంటే నేను నవ్వి ఊరుకోవడం లేదు. పిల్లవాడికి ఎన్నేళ్ళో అడుగుతున్నాను.